యూపీఎస్ రిపేర్: కరెంట్ పోగానే కంప్యూటర్ కూడా ఆఫ్ అయిపోతోందా..? మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే ముందు ఇవి చెక్ చేయండి.. వీటిని మాత్రం అస్సలు ముట్టుకోవద్దు!

ఆన్‌లైన్ అప్లికేషన్‌కి ఇవాళే లాస్ట్ డేట్. ఫారం మొత్తం నింపేశారు. ఇంకొక్క క్లిక్ మిగిలింది. సరిగ్గా అప్పుడే కరెంట్ పోయింది. యూపీఎస్ ఉంది కదా అనుకునేలోపే ఒక్కసారి 'కీచ్' మని అరిచి అది కూడా ఆగిపోయింది. ఇలాంటి అనుభవం చాలామందికి ఎదురయ్యే ఉంటుంది. వెంటనే వచ్చే ఆలోచన ఒక్కటే.. 'యూపీఎస్ పాడైపోయింది, కొత్తది కొనాలి' అని. కానీ అసలు విషయం ఏంటంటే.. ఇలా మొరాయించే యూపీఎస్‌లలో ఎక్కువ వాటికి లోపల బోర్డు బాగానే ఉంటుంది. చచ్చిపోయేది బ్యాటరీ మాత్రమే. దాని ధర సాధారణంగా కొత్త యూపీఎస్ ధరలో సగం కూడా ఉండదు.

అలాగని స్క్రూడ్రైవర్ పట్టుకుని పెట్టె విప్పేయడం కూడా కరెక్ట్ కాదు. ప్లగ్ పీకేసినా షాక్ కొట్టగల వస్తువు ఇంట్లో ఏదైనా ఉందంటే అది యూపీఎస్సే. మరి ఏది మనం చూసుకోవచ్చు..? ఏది మెకానిక్‌కే వదిలేయాలి..? ఇళ్లలో, మీసేవ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్‌ను ఉదాహరణగా తీసుకుని ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు యూపీఎస్ లోపల ఏం జరుగుతుంది..?

ఇది తెలిస్తే సగం రిపేర్ అర్థమైపోయినట్టే. కరెంట్ ఉన్నంతసేపూ యూపీఎస్ రెండు పనులు చేస్తుంది. గోడ నుంచి వచ్చే కరెంట్‌ను కంప్యూటర్‌కి పంపిస్తుంది. దాంతోపాటు లోపలున్న 12 వోల్టుల బ్యాటరీని మెల్లగా చార్జ్ చేస్తుంటుంది. కరెంట్ పోయిన క్షణంలో లోపల ఒక రిలే 'టక్' మంటుంది. అక్కడి నుంచి బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీగా మార్చి కంప్యూటర్‌కి ఇస్తుంది. ఈ మార్పిడి మామూలుగా 10 మిల్లీ సెకన్ల లోపే జరిగిపోతుంది. అంత చిన్న గ్యాప్‌ను కంప్యూటర్‌లోని పవర్ సప్లై తట్టుకుంటుంది. అందుకే స్క్రీన్ కూడా ఆరిపోదు.

అంటే యూపీఎస్‌లో ముఖ్యమైన భాగాలు నాలుగు. కరెంట్ లోపలికి వచ్చే దారి, చార్జర్, బ్యాటరీ, బ్యాటరీ కరెంట్‌ను ఏసీగా మార్చే ఇన్వర్టర్ భాగం. ఏ లక్షణం కనిపించినా ఈ నాలుగింటిలో తేడా ఎక్కడుందో కనిపెట్టడమే ట్రబుల్ షూటింగ్. అంతకు మించి బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ముందు చెవి పెట్టి వినండి.. బీప్ సౌండ్‌లోనే సగం జవాబు

యూపీఎస్ అరుపుల్లో అర్థం ఉంటుంది. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉన్నా, ఎక్కువ మోడళ్లలో లెక్క ఇలా ఉంటుంది.

- కొన్ని సెకన్లకు ఒకసారి నెమ్మదిగా బీప్ వస్తుంటే.. బ్యాటరీ మీద నడుస్తోందని అర్థం.
- బీప్‌లు గబగబా వస్తుంటే.. బ్యాటరీ అయిపోవస్తోంది, పని సేవ్ చేసుకోమని చెబుతోంది.
- ఆగకుండా ఒకటే మోత వస్తుంటే.. ఓవర్‌లోడ్ కావచ్చు, లేదా లోపల ఏదో ఫాల్ట్ ఉండొచ్చు.
- ఇంట్లో లైట్లు వెలుగుతున్నా యూపీఎస్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తూ బీప్ కొడుతుంటే.. దానికి కరెంట్ అందడం లేదు, లేదా వచ్చే వోల్టేజ్ మరీ ఎక్కువగానో తక్కువగానో ఉంది.

యూపీఎస్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో ఈ సౌండ్ల వివరం ఉంటుంది. పుస్తకం పోయినా కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ నంబర్ కొడితే దొరుకుతుంది.

పెట్టె విప్పకుండానే చేసే 5 చెకింగ్‌లు

1. సాకెట్, వైర్: యూపీఎస్ పెట్టిన సాకెట్‌లో మొబైల్ చార్జర్ పెట్టి చూడండి. చార్జింగ్ ఎక్కకపోతే తప్పు యూపీఎస్‌ది కాదు, సాకెట్‌ది. ప్లగ్ వదులుగా ఉన్నా, పిన్నులు నల్లగా మాడినా అదే కారణం కావచ్చు. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల సాకెట్‌లో అడాప్టర్ వేసి పెట్టారా..? అలా చేస్తే ఎర్తింగ్ తెగిపోతుంది. కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ముందుగా అనుమానించాల్సింది ఎర్తింగ్‌నే.

2. వెనకవైపు ఫ్యూజ్ లేదా రీసెట్ బటన్: చాలా యూపీఎస్‌లకు వెనక చిన్న నల్ల బటన్ ఉంటుంది. ఓవర్‌లోడ్ అయినప్పుడు అది బయటికి తన్నుకొస్తుంది. ప్లగ్ పీకి, కనెక్ట్ చేసినవన్నీ తీసేసి, రెండు నిమిషాలాగి ఆ బటన్‌ను లోపలికి నొక్కండి. కొన్ని మోడళ్లలో బటన్ ఉండదు. కేబుల్ పెట్టే చోటే చిన్న అరలో గాజు ఫ్యూజ్ ఉంటుంది. అందులో తీగ తెగినా, గాజు నల్లబడినా ఫ్యూజ్ పోయినట్టే. దాని మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో సరిగ్గా అదే వేయాలి. ఫ్యూజ్ బదులు రాగి తీగ చుట్టడం, సిగరెట్ పెట్టె రేకు పెట్టడం లాంటివి చేస్తే ఇల్లు తగలబెట్టుకోవడమే. కొత్త ఫ్యూజ్ వేసిన వెంటనే మళ్లీ పోయిందంటే లోపల షార్ట్ ఉన్నట్టు. ఇక అక్కడితో ఆగిపోండి.

3. లోడ్ లెక్క: 600 వీఏ అని రాసి ఉందంటే 600 వాట్లు వస్తుందని కాదు. మామూలుగా 360 వాట్ల వరకే. ఒక డెస్క్‌టాప్, ఒక మానిటర్, రౌటర్.. ఇంతవరకు ఇబ్బంది లేదు. కానీ జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. లేజర్ ప్రింటర్‌ను కూడా యూపీఎస్‌కే తగిలిస్తారు. ప్రింట్ ఇవ్వగానే లోపల హీటర్ ఆన్ అయి ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. అంతే.. యూపీఎస్ ట్రిప్. ప్రింటర్, ఫ్యాన్, ఐరన్ బాక్స్ లాంటివి నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి.

4. కరెంట్ లేకుండా ఆన్ చేసి చూడటం: అన్నీ తీసేసి, ప్లగ్ కూడా పీకేసి, యూపీఎస్ బటన్ నొక్కి పట్టుకోండి. ఆన్ అయి నిలబడితే బ్యాటరీ, ఇన్వర్టర్ రెండూ ఎంతో కొంత పనిచేస్తున్నట్టే. బ్యాటరీ మీద ఆన్ అవుతూ, ప్లగ్ పెట్టినా కరెంట్ తీసుకోకపోతే వైరు, ఫ్యూజ్, లోపలికొచ్చే దారి చూడాలి. ప్లగ్ పెడితే బాగానే నడుస్తూ, తీయగానే చచ్చిపోతోందా..? 'నేరం' దాదాపుగా బ్యాటరీదే. రెండు విధాలా చలనం లేకపోతే బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉండొచ్చు, లేదా బోర్డు పోయి ఉండొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే, కరెంట్ ఉన్నా సరే అసలు ఆన్ కాని మోడళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి చలనం లేదని వెంటనే బోర్డు పోయిందని తేల్చేయొద్దు.

5. బల్బు టెస్ట్: ఇది పాతకాలం మెకానిక్‌ల పద్ధతి, కానీ చాలా నిక్కచ్చిగా పనిచేస్తుంది. ముందు యూపీఎస్‌ను 8 గంటలు చార్జింగ్‌లో ఉంచండి. తర్వాత కంప్యూటర్ తీసేసి, 60 లేదా 100 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు తగిలించండి. ఇప్పుడు గోడ స్విచ్ ఆఫ్ చేయండి. బల్బు ఆరకుండా 10 నిమిషాలకు పైగా వెలిగితే బ్యాటరీ బాగున్నట్టే. ఒకటి రెండు నిమిషాల్లోనే ఆరిపోతే బ్యాటరీ పని అయిపోయింది. కంప్యూటర్‌తో ఈ టెస్ట్ చేయొద్దు. మధ్యలో ఆగిపోతే హార్డ్ డిస్క్‌కే దెబ్బ.

బ్యాటరీ ఎందుకు అంత తొందరగా పోతుంది..?

ఈ యూపీఎస్‌లలో ఉండేది 12 వోల్టులు, 7 ఏహెచ్ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. లెక్క ప్రకారం 12ని 7తో గుణిస్తే 84 వాట్-అవర్లు. కాగితం మీద చూస్తే 84 వాట్ల లోడ్‌ను గంటసేపు నడపాలి. కానీ అలా నడవదు. 7 ఏహెచ్ అనేది బ్యాటరీని 20 గంటల పాటు మెల్లగా ఖాళీ చేస్తే వచ్చే లెక్క. కంప్యూటర్ లాంటి లోడ్ దాన్ని నిమిషాల్లో పిండేస్తుంది. అందుకే కొత్త బ్యాటరీతో కూడా 100 వాట్ల లోడ్‌కి 15, 20 నిమిషాలు వస్తే మంచి బ్యాకప్ వచ్చినట్టే. 'గంట రావడం లేదు' అని షాపువాడితో గొడవ పడాల్సిన పని లేదు.

ఇక ఆయుష్షు సంగతి. ఈ రకం బ్యాటరీలను 25 డిగ్రీల వేడిని దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది బ్యాటరీ రంగంలో అందరూ వాడే లెక్క. రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల ఎండల్లో రేకుల షెడ్డు కింద ఉన్న యూపీఎస్ ఎంత ఉడుకుతుందో చెప్పక్కర్లేదు. అందుకే నాలుగైదేళ్లు రావాల్సిన బ్యాటరీ మన దగ్గర రెండు మూడేళ్లకే చేతులెత్తేస్తుంది. యూపీఎస్‌ను టేబుల్ కింద గోడకు ఆనించి, మీద గుడ్డ కప్పి, పక్కన పాత పేపర్లు పేర్చి ఉంచితే ఇంకా త్వరగా పోతుంది.

ఇంకో కారణం.. పూర్తిగా ఖాళీ చేసి అలాగే వదిలేయడం. సెలవులకు ఊరెళ్తూ మెయిన్ ఆఫ్ చేసి నెలల తరబడి వదిలేస్తే, లోపల ప్లేట్ల మీద గట్టి పొర పేరుకుపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పాత బలం రాదు.

మల్టీమీటర్ ఉంటే.. ఈ నంబర్లు గుర్తుపెట్టుకోండి

ఒక్క జాగ్రత్త ముందుగా. కొన్ని యూపీఎస్‌లలో బ్యాటరీ వైర్లకు కూడా మెయిన్స్ కరెంట్‌తో సంబంధం ఉంటుంది. కాబట్టి ప్లగ్ పెట్టి ఉండగా బ్యాటరీని ముట్టుకోవద్దు, కొలవొద్దు. ప్లగ్ పీకి, బ్యాటరీ వైర్లు తీసేసి, బ్యాటరీని బయట పెట్టాకే కొలవాలి. మీటర్‌ను 20 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టండి.

- ఫుల్ చార్జ్ చేసి, కొన్ని గంటలు వదిలేశాక 12.7 నుంచి 13 వోల్టుల మధ్య ఉంటే.. బ్యాటరీ చార్జ్ అయింది. చార్జర్ కూడా పనిచేస్తున్నట్టే.
- 8 గంటలు చార్జింగ్ పెట్టినా 12 వోల్టులు కూడా దాటకపోతే.. బ్యాటరీ పోయింది, లేదా చార్జర్ పనిచేయడం లేదు.
- 10 వోల్టుల దగ్గరే ఆగిపోతే.. లోపలున్న 6 సెల్స్‌లో ఒకటి షార్ట్ అయి ఉంటుంది. ఒక్కో సెల్ రెండు వోల్టులు కదా, లెక్క సరిపోతుంది. ఇక ఆ బ్యాటరీ బాగుపడదు.

వోల్టేజ్ ఒక్కటే చూసి బ్యాటరీ బాగుందని నమ్మడానికి కూడా లేదు. ఉత్తప్పుడు 12.6 చూపించి, లోడ్ పడగానే 10 కిందికి జారిపోయే బ్యాటరీలు ఉంటాయి. అందుకే మీటర్ చెప్పినా బల్బు టెస్ట్ తప్పదు.

బ్యాటరీ మార్చేటప్పుడు.. వరస తప్పొద్దు

బ్యాటరీ మార్చడం వరకు కాస్త చేతిపని తెలిసిన ఎవరైనా చేయొచ్చు. వారంటీ ఉంటే మాత్రం విప్పొద్దు. సీల్ తెగితే వారంటీ పోతుంది.

ముందు కంప్యూటర్ షట్‌డౌన్ చేయాలి. యూపీఎస్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి పక్కన పెట్టాలి. ఉంగరాలు, వాచీ, గాజులు తీసేయాలి. బ్యాటరీ రెండు టెర్మినల్స్‌కి ఒకేసారి ఇనుప వస్తువు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, ఉంగరం ఎర్రగా కాలుతుంది. స్క్రూలు విప్పాక, మొట్టమొదట ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఏ వైరు ఎక్కడుందో తర్వాత గుర్తు రాకపోవచ్చు. ముందు నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు తీయాలి. తీసిన వైర్ల కొసలకు ఇన్సులేషన్ టేప్ చుట్టాలి.

కొత్త బ్యాటరీ పెట్టేటప్పుడు ముందు ఎర్ర వైరు ప్లస్‌కి, ఆఖర్న నల్ల వైరు మైనస్‌కి. నల్ల వైరు తగిలించేటప్పుడు చిన్న మెరుపు లాంటిది వస్తే కంగారు పడొద్దు, అది మామూలే. కానీ వైర్లు తారుమారైతే మాత్రం లోపల ఫ్యూజ్‌తో పాటు బోర్డు కూడా కాలిపోవచ్చు. వెయ్యి రూపాయల్లో పోయే పని కాస్తా కొత్త యూపీఎస్ కొనేదాకా వస్తుంది. మూత బిగించాక 8 గంటలు చార్జింగ్ పెట్టి, బల్బుతో టెస్ట్ చేసి, ఆ తర్వాతే కంప్యూటర్ తగిలించండి.

కొనేటప్పుడు వోల్టేజ్, ఏహెచ్ పాతదానిలాగే ఉండాలి. తయారైన నెల చూడండి. షాపులో చార్జింగ్ లేకుండా ఆరు నెలలు దాటి పడి ఉన్న బ్యాటరీ, కొత్తదే అయినా సగం సత్తువ కోల్పోయి ఉండొచ్చు. 1 కేవీఏ లాంటి పెద్ద యూపీఎస్‌లలో రెండు బ్యాటరీలుంటే రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే కొత్తది కూడా తొందరగా పోతుంది.

ఇక 'కారు బ్యాటరీ తగిలిస్తే మూడు గంటలు వస్తుందట' అని వీడియోల్లో చూసి ప్రయోగాలు చేయొద్దు. ఆ చిన్న చార్జర్ అంత పెద్ద బ్యాటరీని నింపలేదు. పైగా నిమిషాల పాటు నడవడానికి తయారైన ఇన్వర్టర్ భాగం గంటల తరబడి నడిస్తే వేడెక్కి కాలిపోతుంది.

బ్యాటరీ మార్చినా ప్రాబ్లం పోలేదా..?

కరెంట్ పోయినప్పుడు యూపీఎస్ ఆగడం లేదు, కానీ కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతోందంటే తప్పు కంప్యూటర్ పవర్ సప్లైలో ఉండొచ్చు. అందులోని కెపాసిటర్లు వీక్ అయితే ఆ చిన్న గ్యాప్‌ను తట్టుకోలేదు. ఇంకో కంప్యూటర్ తగిలించి చూస్తే తేలిపోతుంది. కొన్ని ఖరీదైన పవర్ సప్లైలకు మామూలు యూపీఎస్ ఇచ్చే కరెంట్ రూపం పడదు. వాటికి ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ కావాలి.

కరెంట్ ఉన్నా మాటిమాటికీ 'టక్ టక్' మంటోందంటే వోల్టేజ్ ఎగుడుదిగుడుగా ఉందని లెక్క. యూపీఎస్ తన పని తాను చేస్తోంది. అలాంటప్పుడు లైన్‌మన్‌కో, ఎలక్ట్రీషియన్‌కో చూపించాల్సింది ఇంటి లైన్‌ను. ఇల్లంతా ఒకసారి లైట్లు మరీ వెలిగి, ఒకసారి డిమ్ అవుతుంటే న్యూట్రల్ లూజ్ అయి ఉండొచ్చు. అది ఒక్క యూపీఎస్‌కే కాదు, టీవీకి, ఫ్రిజ్‌కి కూడా ప్రమాదమే. ఆలస్యం చేయొద్దు.

ఇక్కడ మాత్రం చెయ్యి పెట్టొద్దు

బోర్డు మీద నల్లగా మాడిన మచ్చ, ఉబ్బిన కెపాసిటర్, కాలిన రిలే కనిపిస్తే మూత పెట్టేయండి. ప్లగ్ పీకినా, బ్యాటరీ కనెక్ట్ అయి ఉన్నంతసేపూ యూపీఎస్ 230 వోల్టులు తయారు చేయగలదు. పెద్ద కెపాసిటర్లు బ్యాటరీ తీశాక కూడా కాసేపు చార్జ్ పట్టుకుని ఉంటాయి. కొన్నిటిలో వేడి చల్లార్చే అల్యూమినియం రేకుల్లో కూడా కరెంట్ ఉంటుంది.

బ్యాటరీ పక్కలు ఉబ్బినా, కారినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా ఇంకా సీరియస్. బ్యాటరీ ఓవర్‌చార్జ్ అయి విషవాయువు వదులుతోందని అర్థం. దగ్గర్లో అగ్గిపుల్ల గీయొద్దు. వీలైతే దూరం నుంచే ఎంసీబీ ఆఫ్ చేసి, కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపాలి. యాసిడ్ చేతికో, కంట్లోనో పడితే ధారగా పారే నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మంటలొస్తే నీళ్లు మాత్రం పోయొద్దు. ముందు మెయిన్ ఆఫ్ చేసి, ఫైర్ సర్వీస్‌కి 101కి ఫోన్ చేయాలి.

ఇలా ఉబ్బిన బ్యాటరీని తీసేసి కొత్తది పెట్టి ఊరుకుంటే సరిపోదు. చార్జర్ ఎక్కువ వోల్టేజ్ ఇస్తోందేమో మెకానిక్‌తో చెక్ చేయించాలి. లేదంటే కొత్తది కూడా కొన్ని నెలల్లోనే ఉబ్బుతుంది.

మెకానిక్‌తో ఏం మాట్లాడాలి..?

'పనిచేయడం లేదు' అని కాకుండా, పైన చేసిన టెస్ట్‌లలో ఏం కనిపించిందో చెప్పండి. 'కరెంట్ ఉంటే నడుస్తోంది, తీయగానే ఆగుతోంది, బ్యాటరీ మూడేళ్లది' అంటే పని అప్పటికే సగం అయిపోయింది. అనవసరంగా 'బోర్డు పోయింది' అని చెప్పడానికి వీలుండదు. మార్చిన పాత పార్టును చూపించమని అడగండి. బ్యాటరీకి బిల్లు, వారంటీ తీసుకోండి. రిపేర్ ఖర్చు కొత్త యూపీఎస్ ధరలో సగం దాటుతుంటే కొత్తదే మేలు. కొత్తది కొంటే బీఐఎస్ రిజిస్ట్రేషన్ మార్క్ చూసే కొనాలి. ఆ నంబర్ నిజమైనదో కాదో 'బీఐఎస్ కేర్' యాప్‌లో చూసుకోవచ్చు. వారంటీ ఉన్నా తిప్పించుకుంటుంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.

ఇక పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయొద్దు. అందులో సీసం ఉంటుంది. అది మట్టిలో, నీళ్లలో కలిస్తే విషమే. ముఖ్యంగా చిన్నపిల్లల మెదడు ఎదుగుదలపై దెబ్బ కొడుతుంది. కేంద్రం 2022లో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే. కొత్తది కొనే షాపులోనే పాతది ఇస్తే ఎంతో కొంత ధర కూడా తగ్గిస్తారు.

చివరగా ఒక చిన్న పని. కొత్త బ్యాటరీ వేసిన రోజే తేదీ రాసి యూపీఎస్ మీద అంటించండి. మూడు నెలలకోసారి బల్బు టెస్ట్ చేసి, ఎన్ని నిమిషాలు వెలిగిందో దాని పక్కనే రాయండి. ఆ నిమిషాలు మొదట వచ్చినదాంట్లో సగానికి పడిపోయాయంటే, బ్యాటరీ మార్చే టైం వచ్చినట్టే.. అప్లికేషన్ లాస్ట్ డేట్ దాకా ఆగాల్సిన పని లేదు.